తాతయ్య రివాల్వర్ జాతకం

ఫిబ్రవరి 21, ఆదివారం

మాంసం ఉడికింది, బంగాళాదుంపలు ఉడకలేదు. జాయిస్ వదిన పోయి మూడు నెలలైంది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం తొమ్మిది మైళ్ళు కారు తోలుకుని వెర్లిన్ అన్నయ్య ఇంటికి వెళ్ళి వంట చేస్తున్నాను గానీ, వదిన స్టవ్ ఇంకా నా చేతికి లొంగలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి వంటగదిలో రోజుకు రెండు వందల మందికి వండి పెట్టినదాన్ని, డెబ్భై ఏళ్ళ ఒక్క మనిషికి పచ్చి దుంపలు పెట్టాను. అన్నయ్య అవే తిన్నాడు. పచ్చిగా ఉన్నాయని కూడా అనలేదు. నాకు నచ్చనిది అదే.

ఉతికిన మేజోళ్ళు సర్దుదామని మంచం పక్క సొరుగు లాగాను. అందులో తాతయ్య రివాల్వర్ ఉంది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచి దాని చోటు హాల్లో బీరువా మీద, బిస్కట్ల డబ్బాలో, నూనె గుడ్డలో. పక్కన తూటాల పెట్టె. కొత్తది. మూతకి అంటించిన కాగితం ఇంకా చింపలేదు.

వంటింట్లోకి వచ్చి అడిగాను. "సొరుగులో అవన్నీ ఎందుకు?"

"పాములకి," అన్నాడు.

కిటికీ బయట రెండడుగుల మంచు. మోంటానాలో ఫిబ్రవరిలో పాము కనిపిస్తే పేపర్లో వేస్తారు.

అప్పుడు నా నోట్లోంచి ఎక్కడిదో ఒక అబద్ధం ఊడిపడింది. ఈ జులైలో ఊరికి నూరేళ్ళు నిండుతున్నాయి కదా, ఆ జూబ్లీలో పాత వస్తువులు ప్రదర్శనకి పెడుతున్నారని, తాతయ్య రివాల్వర్ అడిగారని చెప్పాను. "ఎమెట్‌కి చూపించాలి, తుపాకులు బాగుచేసేది వాడేగా. అదేం రివాల్వరో, ఎప్పటిదో, ఎంత చేస్తుందో రాయించాలట. రేపు పొద్దున తీసుకెళతా."

"రేపేనా?"

"రేపే."

"సరే, పట్టుకుపో," అన్నాడు. అంతే. తాతయ్య రివాల్వర్ ముట్టుకున్నందుకు చిన్నప్పుడు నా జడ పట్టుకు లాగినవాడు, కాఫీ కప్పులోకి చూస్తూ పట్టుకుపో అన్నాడు.

రివాల్వర్ సంచీలో పెట్టుకుని, తూటాల పెట్టె అడక్కుండానే ఏప్రాన్ జేబులో వేసుకుని వచ్చేశాను. ఇప్పుడా పెట్టె నా పిండి డబ్బాలో ఉంది.

వచ్చేటప్పుడు చూశాను, హాల్లో రైఫిళ్ళు తగిలించే కొయ్యలు ఖాళీ. "ఎమెట్ దగ్గర ఉన్నాయి, గురి సరిచేయిస్తున్నా" అన్నాడు. నమ్మలేదు. పోయిన నెల నాన్న జీను పక్క రాంచ్ వాళ్ళకి ఇచ్చేశాడు. వస్తువులు పంచిపెట్టే మనుషుల గురించి నేను విన్నాను.

ఈ పుస్తకం బడి వంటగది జమానాది, ముందు సగం అంతా సూపులూ రొట్టెలూ. వెనక సగం ఎవరూ చూడరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. అన్నయ్య తనని తాను ఏదైనా చేసుకుంటాడేమోనని నాకు భయం. రాశాను. ఇక పడుకుంటాను.

ఫిబ్రవరి 22, సోమవారం

ఎమెట్ క్రాల్ తుపాకులు బాగుచేసేది వాళ్ళ గరాజ్‌లో. ఈ ఎమెట్ నా చేతి మాకరోనీ తిని పెరిగినవాడే. ఇప్పుడు యాభై దాటాడు, ఆ సంగతి మాత్రం వదలడు.

"మీ మాకరోనీ బిగుసుకుపోతే ఇలాంటి తూటాలు చేసుకోవచ్చు, ఆర్డిస్ గారూ."

"రెండోసారి అడిగి వేయించుకున్నది ఎవరు?"

"ఆకలి, నేను కాదు."

దీపం దగ్గరికి లాక్కుని, భూతద్దం పెట్టుకుని, చాలాసేపు చూశాడు. పిడికి ఉన్న చెక్కలు ఊడదీసి లోపల చెక్కిన నంబర్ కాగితం మీద రాసుకున్నాడు. గొట్టం మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. వేలితో తడిమి తడిమి చదివాడు.

"ఇది కోల్ట్ కాదండీ."

"మా తాతయ్య ఇది పేరుమోసిన కోల్ట్ కంపెనీదే అనేవాడు."

"తాతయ్యలందరివీ కోల్టులే. నా బల్ల మీదకి వచ్చాకే వాటికి పేర్లు మారతాయి." తూర్పున ఎప్పుడో మూతబడిన కంపెనీదట. హార్డ్‌వేర్ కొట్లలో మేకులతో పాటు అమ్మేవాళ్ళట. హాల్వర్ తాతయ్య ఏ పశువుల దొంగనో ఎదిరించి సంపాదించాడని మా ఇంట్లో చెప్పుకునే కథ ఆ మేకుల పక్కన పడిపోయింది.

తర్వాత గొట్టాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. "దీన్ని ఎవరో పట్టి రుద్దారు. ఈ గీతలు చూడండి. పాత తుపాకీకి పాత రంగే ప్రాణం. అది పోతే సగం ధర పోయినట్టే. ఎవరు చేశారో గానీ, పాపం ప్రేమగా చేశారు."

"ఎవరో పిల్లలు అయ్యుంటారు," అన్నాను.

ధర అడిగాను. నూట యాభై డాలర్లు, మనసున్న మనిషి దొరికితే నూట అరవై. అయితే ఊరికే నోటి మాట చాలదట, కంపెనీ పాత పుస్తకాలు చూసేవాళ్ళకి రాయాలట. ఈ నంబర్ ఎప్పుడు తయారైంది, ఏ కొట్టుకి పంపారు, ఏ రోజు పంపారు, అన్నీ రాసి ఉత్తరం పంపుతారట. "రివాల్వర్ జాతకం అనుకోండి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"మూడు నెలలు. ఆరైనా ఆశ్చర్యం లేదు. అంతవరకు ఇది నా ఇనప్పెట్టెలో ఉండాలి. వాళ్ళు ఏదైనా కొలత అడిగితే నేను చూసి చెప్పాలి కదా."

కొన్నాళ్ళు నీ దగ్గరే ఉంచమని ఎలా అడగాలా అని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. అడిగే పనే లేకుండా పోయింది. ముఖం మీద సంతోషం కనిపించకుండా చేతి తొడుగులు వెతుక్కున్నాను. ఒక్కోసారి అదృష్టం కూడా మన వైపు ఉంటుంది.

ఫిబ్రవరి 23

ఉదయం ఏడింటికి అన్నయ్యకి ఫోన్ చేశాను. ఎత్తాడు.

ఫిబ్రవరి 24

ఎత్తాడు.

ఫిబ్రవరి 26, శుక్రవారం

రోజూ ఫోన్ చేయడానికి ఏదో ఒకటి కావాలి కదా. మీ దగ్గర వాతావరణం ఎలా ఉందని అడిగాను.

"నీ ఇంటి మీద ఉన్న ఆకాశమే ఇక్కడా ఉంది, ఆర్డీ."

"తొమ్మిది మైళ్ళలో మారొచ్చు."

"మారితే చెబుతాలే," అన్నాడు.

ఫిబ్రవరి 28, ఆదివారం

దుంపలు ఈసారి మెత్తగా అయిపోయాయి. అన్నయ్య ఏమీ అనలేదు. తింటూ తింటూ "ఉత్తరం వచ్చిందా?" అని అడిగాడు. వారమే కదా అయిందన్నాను. తల ఊపాడు. రివాల్వర్ తిరిగి ఇచ్చేయమంటాడేమోనని మూడు నెలల లెక్క ఆరు నెలలు చేసి చెప్పాను.

తూటాల పెట్టె గురించి అడగలేదు. పోయిందని గమనించలేదనుకుంటా.

మార్చి 7, ఆదివారం

"ఉత్తరం వచ్చిందా?" రాలేదన్నాను. అన్నయ్య గడ్డం గీసుకోలేదు.

మార్చి 16, మంగళవారం

ఇవాళ ఏడింటికి ఎత్తలేదు. ఏడున్నరకి ఎత్తలేదు. ఎనిమిదికి ఎత్తలేదు.

మంచు అడ్డంగా కొడుతోంది, రోడ్డు పసుపు గీత కనిపించడంలేదు. ఎలా వెళ్ళానో నాకే తెలియదు. తొమ్మిది మైళ్ళూ ఒకటే మాట అనుకుంటూ వెళ్ళాను, రివాల్వర్ ఎమెట్ దగ్గర ఉంది, రివాల్వర్ ఎమెట్ దగ్గర ఉంది. ఒక రాంచ్‌లో చావాలనుకున్న మనిషికి రివాల్వర్ ఒక్కటే దారి కాదని అంత పొడుగు దారిలో తట్టకుండా ఉంటుందా. తట్టింది.

ఇంట్లో లేడు. కొట్టంలో ఉన్నాడు, మోకాళ్ళ మీద. ఎర్ర ఆవు ఈనలేక అవస్థ పడుతోంది, దూడ కాళ్ళు రెండే బయటికి వచ్చాయి. నేను గుమ్మంలో నిలబడి ఏడవడం మొదలుపెట్టాను. తల తిప్పి చూశాడు.

"ముందు ఈ తాడు పట్టుకో. ఏడుపు తర్వాత చూద్దువుగాని."

పట్టుకున్నాను. ఇద్దరం కలిసి లాగాం. దూడ బతికింది, ఆవూ బతికింది. అన్నయ్య గోనెసంచితో దూడని తుడుస్తూ కూర్చున్నాడు. నా బూట్లు పాడైపోయాయి. ఎందుకు వచ్చావని అడగలేదు. "ఇంత మంచులో ఆ డొక్కు కారేసుకుని వస్తారా ఎవరైనా," అన్నాడు. తర్వాత తనే నా కోటుకి అంటిన గడ్డి దులిపాడు.

మార్చి 17

ఆరున్నరకే ఫోన్ మోగింది. అన్నయ్యే. "వాతావరణం మారలేదు," అని పెట్టేశాడు.

ఏప్రిల్ 4, ఈస్టర్

"ఉత్తరం వచ్చిందా?" రాలేదన్నాను. చర్చికి వచ్చాడు గానీ పాటకి నోరు కదపలేదు. వదిన కూర్చునే చోట తన టోపీ ఉంచి, పక్కన కూర్చున్నాడు.

ఏప్రిల్ 20

రివాల్వర్ మీద ఆ గీతలు పెట్టింది నేనే. ఈ పుస్తకంలో కూడా ఎవరో పిల్లలు అని రాసి ఊరుకున్నాను, సిగ్గు లేకపోతే సరి. నాకు తొమ్మిదేళ్ళు. తాతయ్య పుట్టినరోజని, గిన్నెలు తోమే పొడి వేసి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా రుద్దాను. తళతళలాడింది. అన్నయ్య చూసి జడ పట్టుకు లాగాడు. తాతయ్య మాత్రం కొన్నప్పుడు కూడా ఇంత మెరుపు లేదని, భోజనానికి అది నడుముకి పెట్టుకుని కూర్చున్నాడు.

మే 6, గురువారం

లోయిస్ బ్రాన్‌వోల్డ్ ఫోన్ చేసింది. జూబ్లీ కమిటీకి ఆవిడే పెద్ద. "మీ తాతగారి రివాల్వర్ ప్రదర్శనకి ఇస్తున్నావట. ఒక్క మాట నాకు చెప్పావా?"

ఎవరు చెప్పారంటే మా అన్నయ్యేనట. నా అబద్ధానికి కాళ్ళొచ్చి ఊరంతా తిరుగుతోంది. ప్రతి వస్తువు పక్కనా ఒక కార్డు పెడతారట, కంపెనీ పేరూ తయారైన ఏడాదీ నెలాఖరుకి కావాలంది. ఉత్తరం కోసం చూస్తున్నామన్నాను. "ఎవరి ఉత్తరం? సాంటాక్లాజ్‌దా?" అంది. ఆవిడ ఎప్పుడూ అంతే.

మే 31, సోమవారం

సమాధుల రోజు. లైలాక్ పూలు కోసి, కాఫీ డబ్బాల్లో నీళ్ళు పోసి పట్టుకెళ్ళాం. అమ్మకి, నాన్నకి, తాతయ్యకి, మా ఆయన వాల్టర్‌కి. చివర్న వదినకి. అన్నయ్య డబ్బా గాలికి పడిపోకుండా చుట్టూ రాళ్ళు పేర్చాడు. ఒక రాయి తీసి ఇంకోటి పెట్టి, మళ్ళీ మొదటిదే పెట్టాడు.

"హావర్ ఊళ్ళో డాక్టర్ ఇచ్చిన మాత్రలకి నోరు ఎండిపోతోంది," అన్నాడు రాళ్ళవైపు చూస్తూనే.

ఏ డాక్టర్, ఎప్పట్నుంచి, ఏం మాత్రలు, ఇవన్నీ నా నాలుక చివరిదాకా వచ్చాయి. "నిమ్మకాయ బిళ్ళలు చప్పరించు," అన్నాను. కార్లో ఉన్న పొట్లం ఇచ్చాను.

జూన్ 5, శనివారం

లోయిస్ పోరు పడలేక గ్రేట్ ఫాల్స్‌లో తుపాకుల సంతకి వెళ్ళాను. ఎమెట్‌ని అడిగితే ఇంకా రాలేదనే అంటున్నాడు. వాడు తీసిచ్చిన ఫోటో, నంబర్ రాసిన కాగితం సంచీలో పెట్టుకున్నాను. పొద్దున్నే బయల్దేరి, దారిలో ఒక ముక్క ఆపిల్ పై తిని, పదకొండింటికల్లా హాల్లో ఉన్నాను.

నాలుగో బల్ల దగ్గర ఒక లావుపాటి పెద్దాయన ఇలాంటివే పది పరుచుకుని కూర్చున్నాడు. ఫోటో చూడగానే కంపెనీ పేరు చెప్పాడు. పిడి చెక్కలు చూసి, ఏ పదేళ్ళలో తయారైందో కూడా చెప్పాడు. ఎవరండీ దీన్ని ఇలా రుద్దిందంటే, నేనే అన్నాను. ఎక్కడో నూట డెబ్భై మైళ్ళ అవతల, ముక్కూమొహం తెలియనివాడికి చెప్పడం తేలిక.

"ఉత్తరం వస్తే సరిగ్గా ఏ రోజుదో తెలుస్తుంది," అన్నాను.

"ఏ ఉత్తరం?"

"కంపెనీ పుస్తకాలు చూసి రాస్తారు కదా. మా ఊళ్ళో ఆయన ఫిబ్రవరిలోనే రాశాడు."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఎవరికి రాశాడమ్మా? పెద్ద కంపెనీలకైతే ఉత్తరాలు వస్తాయి. వీళ్ళవి ఒక్క కాగితం కూడా మిగల్లేదు. నేను నలభై ఏళ్ళుగా వెతుకుతున్నా. జవాబు రాయడానికి అక్కడ మనిషే లేడు."

"ఆయనకి తెలియదేమో."

"తుపాకులు బాగుచేసేవాడికి తెలియకపోవడమా," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఎమెట్‌ని తిట్టుకుంటూనే వచ్చాను. నూట యాభై డాలర్ల రివాల్వర్ మీద కన్నేశాడని, తినిపించిన చెయ్యి మరిచిపోయాడని. నాకు నచ్చని మాటలు కూడా అనుకున్నాను, అవి ఇక్కడ రాయను.

జూన్ 7, సోమవారం

ఎమెట్ గరాజ్ తెరవకముందే వెళ్ళి నిలబడ్డాను.

"ఆ ఉత్తరం ఎవరికి రాశావు?"

వాడు తాళం తీశాడు. దీపం వేశాడు. స్టూలు మీద గుడ్డ తీసి నాకు వేశాడు. "కూర్చోండి," అన్నాడు. ఈసారి మాకరోనీ ఊసెత్తలేదు.

"ఎవరికీ రాయలేదు, ఆర్డిస్ గారూ."

"నాకెందుకు అబద్ధం చెప్పావు?"

"వెర్లిన్ గారు చెప్పమన్నారు. మీరు రావడానికి ముందు రోజు, ఆదివారం సాయంత్రం ఫోన్ చేశారు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఏమన్నాడని అడిగాను. ఎమెట్ తలవంచుకుని చెప్పాడు. అన్నయ్య మాటలు వాడి నోట్లో అచ్చం అన్నయ్యవిలానే వినిపించాయి.

"మా చెల్లెలు రేపు తాతయ్య రివాల్వర్ పట్టుకొస్తుంది. జూబ్లీ అదీ ఇదీ అంటోంది. అబద్ధమాడడం దానికి పుట్టినప్పట్నుంచి చేతకాదు. నువ్వు నమ్మినట్టే ఉండు. ఎన్నాళ్ళు ఉంచగలవో అన్నాళ్ళు ఉంచు. నేనడిగినా ఇవ్వకు."

రైఫిళ్ళు రెండూ డిసెంబర్‌లోనే వాడి దగ్గర పెట్టాడట, గురి సరిచేయమని. గురి బాగానే ఉందట. ఎమెట్‌కి అప్పుడే అర్థమైంది, ఏమీ అడగకుండా ఇనప్పెట్టెలో పెట్టాడు. రివాల్వర్ మాత్రం అన్నయ్య ఇవ్వలేకపోయాడు. తాతయ్యది కదా, తన చేత్తో ఎలా ఇస్తాడు. ఎవరైనా వచ్చి తీసుకుపోవాలి. ఆ ఎవరో నేను.

"జనవరిలో మళ్ళీ వచ్చారండీ," అన్నాడు ఎమెట్. "అప్పుడు నేను గరాజ్‌లో లేను. మా ఆవిడ ఆ తూటాల పెట్టె అమ్మింది. పాములకట. నేను వచ్చి విని, ఆ రోజే రెండుసార్లు మీ అన్నయ్య ఇంటిదాకా వెళ్ళి, గేటు దగ్గర నుంచే తిరిగి వచ్చేశాను. ఏం చెప్పాలో తెలియలేదు." తర్వాత అడిగాడు. "ఆ పెట్టె ఇప్పుడెక్కడుంది?"

"నా పిండి డబ్బాలో."

"వెర్లిన్ గారు కూడా అదే అన్నారు. ఆర్డీ పట్టుకుపోయింది, పిండిలో దాచి ఉంటుందని."

రైఫిళ్ళు పోయినందుకు నేను భయపడ్డాను. ఉత్తరం మాట ఎత్తినప్పుడల్లా భయపడ్డాను. తను బతకడానికి చేసుకుంటున్న ఏర్పాట్లని చావుకి అనుకున్నాను నేను. ప్రతి ఆదివారం ఉత్తరం వచ్చిందా అని అడిగింది ఇచ్చేయమని కాదు. ఇంకా దూరంగానే ఉంది కదా అని.

ఎమెట్ ముందు ఏడవలేదు. కార్లో ఏడ్చాను. ఇంతకంటే సంతోషంగా ఎప్పుడూ ఏడవలేదు. తర్వాత ఇంటికెళ్ళి పిండి డబ్బాలోంచి ఆ పెట్టె తీసి, దులిపి, ఎమెట్‌కి ఇచ్చి వచ్చాను.

జూన్ 9

లోయిస్‌కి కార్డు రాసిచ్చాను. ఫోటో మాత్రమే ఇస్తానని చెప్పాను. కార్డు మీద రాసింది ఇది: హాల్వర్ లిండ్‌విగ్ రివాల్వర్. కోల్ట్ కాదు. హార్డ్‌వేర్ కొట్లో కొన్నది. మనవరాలు ఆర్డిస్ గిన్నెలు తోమే పొడితో రుద్దింది. విలువ ఇంకా తేలలేదు.

"చివరిది తేలేదాకా ఆగుదామా?" అంది లోయిస్. అక్కర్లేదన్నాను.

జూన్ 13, ఆదివారం

కొత్త బంగాళాదుంపలు, పచ్చి బఠాణీలు, మీగడ. మార్చిలో పుట్టిన దూడ కంచె దాటి వదిన టమాటా మడి తొక్కేసిందని అన్నయ్య పొద్దుటి నుంచి దాన్ని తిడుతున్నాడు. గడ్డం గీసుకున్నాడు. చెంప మీద కోసుకుని, కాగితం ముక్క అంటించుకున్నాడు.

భోజనానికి కూర్చున్నాం. నేను ఎదురుచూశాను. అడగలేదు. బఠాణీలు వడ్డించుకున్నాడు, వాన గురించి మాట్లాడాడు, కొత్త మడి ఎక్కడ వేయాలో చెప్పాడు. ఉత్తరం మాట ఎత్తలేదు. ఇన్ని ఆదివారాల్లో ఇదే మొదటిసారి.

ఇక నేనే అన్నాను. "ఉత్తరం ఇంకా రాలేదు, అన్నయ్యా."

ఫోర్కు ఆపి నావైపు చూశాడు. జడ లాగిన రోజు కూడా ఇలాగే చూశాడు, తాతయ్య నన్ను వెనకేసుకొచ్చిన తర్వాత.

"రానీ," అన్నాడు. "వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని చదువుదాం."

"ఆలస్యమవుతుందేమో."

"నాకేం తొందర లేదు, ఆర్డీ."

మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. రెండు ముద్దలు తిని, దుంపల్లో ఉప్పు తక్కువైందన్నాడు.